ముక్కున గొట్టం ఉన్నా ముంగిట్లోకి రావచ్చు

తెల్లవారుజామున అలిపిరి దగ్గర నిలబడి చూస్తే కొండ ఎక్కేవాళ్ళ వరుస తెగదు. పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని, గోవిందనామాలు చెప్పుకుంటూ మెట్టు తరవాత మెట్టు ఎక్కిపోతుంటారు. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దారి. ఒకప్పుడు ఆ మెట్లన్నీ ఎక్కి దిగినవాళ్ళు చాలామంది ఇప్పుడు కింద తిరుపతిలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ వార్ధక్యం గడుపుతున్నారు. వాళ్ళలో కొందరికి మంచం మీదనుంచి గుమ్మందాకా పోవడమే మోకాళ్ళ పర్వతం ఎక్కినంత పని. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, పక్కన గుయ్యిమంటూ యంత్రం. వాళ్ళు సొంత ఇంట్లో ఉన్నా, వృద్ధాశ్రమంలో ఉన్నా రోజూ వినిపించే మాట ఒకటే: "కదలొద్దు తాతా, పడుకో." "లేవొద్దు అవ్వా, ఆయాసం వస్తుంది."

ప్రేమతో అనేదే అయినా ఈ మాట వాళ్ళకు మేలు చెయ్యదు. చూపు ఆననివారికి కళ్ళజోడు ఇస్తే అది పెట్టుకుని కళ్ళు మూసుకు కూర్చోమని ఎవరూ చెప్పరు గదా! ఆక్సిజన్ కూడా అలాంటిదే. అది ఇచ్చేది లేచి తిరగడానికి, నలుగురితో కూర్చుని తినడానికి, మాట్లాడడానికి. దాన్ని పెట్టి మనిషిని మంచానికి కట్టేస్తే సగం వైద్యమే చేసినట్లు.

భయం ఎందుకు?

ఈ భయానికి కారణం లేకపోలేదు. కోవిడ్ రోజుల్లో ఆక్సిజన్ అనే మాట ప్రతి ఇంట్లోనూ గుండెలదరగొట్టింది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది రోగులు చనిపోయారని అధికారులు ప్రకటించారు. ఆనాటినుంచి ఈ ప్రాంతంలో ముక్కుకు గొట్టం కనబడితే చాలు, "ఇక ఆఖరి దశ" అనుకునేవారు ఎక్కువయ్యారు.

కాని, ప్రమాదస్థితిలో ఆసుపత్రిలో ఇచ్చే ఆక్సిజన్ వేరు, ఇంటి దగ్గర ఏళ్ళ తరబడి వాడే ఆక్సిజన్ వేరు. పొగతాగడం వల్ల, కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టంతో జీవితమంతా గడపడం వల్ల, రాతి క్వారీల దుమ్ము వల్ల, ఎప్పుడో వచ్చి తగ్గిన క్షయ మిగిల్చిన మచ్చల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అలా దెబ్బతిన్న ఊపిరితిత్తులు గాలిలోని ప్రాణవాయువును రక్తంలోకి సరిగా పంపలేవు. అటువంటివారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా రక్తంలో ప్రాణవాయువు 88 శాతానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంటే, రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ వాడడం వల్ల ఆయుర్దాయం పెరుగుతుందని 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వెలువడిన రెండు పెద్ద పరిశీలనలు నిరూపించాయి. అంటే ఇది ఆఖరి ఊపిరి కోసం కాదు, ముందున్న సంవత్సరాల కోసం ఇచ్చే మందన్నమాట.

ఆ మాటకొస్తే, రోగిని నడిపించడం కోసమే మోసుకుపోయే ఆక్సిజన్‌ను 1960 దశకంలోనే అమెరికాలోని డెన్వర్ నగరంలో డాక్టర్ థామస్ పెట్టీ బృందం వాడి చూపించింది. ఆయాసంతో మూలపడ్డ రోగులు భుజాన ఆక్సిజన్ తగిలించుకుని నడవసాగారు.

ఇక్కడ మరొక సంగతి కూడా చెప్పాలి. ఆయాసం ఉన్న ప్రతివారికీ ఆక్సిజన్ అక్కరలేదు. ప్రాణవాయువు ఓ మోస్తరుగా మాత్రమే తగ్గినవారికి దీర్ఘకాలం ఆక్సిజన్ ఇచ్చినా ప్రత్యేకంగా లాభం కనిపించలేదని 2016లో అమెరికాలో 738 మంది మీద జరిపిన పరిశీలన తేల్చింది. కోవిడ్ నాడు కొన్న యంత్రం ఇంట్లో ఉంది గదా అని తాతకు పెట్టేయకండి. అవసరమో కాదో పరీక్ష చేసి డాక్టరే చెప్పాలి.

మంచమే లోకమైతే

ఆయాసం వస్తుందని నడక మానేస్తే ఏమవుతుంది? తొడల కండరాలు, పిక్కల కండరాలు కరగడం మొదలుపెడతాయి. వృద్ధుల్లో అయితే పది రోజుల మంచం కూడా బలాన్ని స్పష్టంగా తగ్గిస్తుంది. బలహీనపడ్డ కండరానికి అదే పని చెయ్యడానికి మునుపటికన్నా ఎక్కువ ప్రాణవాయువు కావాలి. అందుచేత నిన్న పది అడుగులకు వచ్చిన ఆయాసం రేపు అయిదు అడుగులకే వస్తుంది. అది చూసి అయిదు అడుగులు కూడా మానేస్తారు. ఇదొక విషవలయం.

దీనికి తోడు ఆకలి చచ్చిపోతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, వీపున పుండ్లు పడతాయి, కఫం ఊపిరితిత్తుల అడుగున నిలిచి న్యుమోనియాకు దారి తీస్తుంది. అన్నిటినీ మించింది దిగులు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషితో ఎవరూ మాట్లాడరు. ఎవరూ మాట్లాడని మనిషి మరింతగా గోడవైపు తిరుగుతాడు.

నడక, తేలిక వ్యాయామం, శ్వాస పద్ధతులు కలిపి క్రమంగా నేర్పితే ఇలాంటి రోగులకు ఆయాసం తగ్గి, పనులు చేసుకునే శక్తి పెరుగుతుందని 65 పరిశీలనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వెల్లడించింది. ఊపిరితిత్తులు కొత్తవి కావు. కాళ్ళకు బలం వస్తుంది, మనసుకు ధైర్యం వస్తుంది. ఆ రెండూ చాలు, మనిషి గుమ్మం దాటుతాడు.

యంత్రం, సిలిండరు, గొట్టం

ఇళ్ళల్లో ఎక్కువగా వాడేది కాన్సెంట్రేటర్. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. ఈ యంత్రం గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచి, 90 శాతానికి పైగా ఆక్సిజన్ ఉన్న గాలిని గొట్టంలోకి పంపుతుంది. ఇది కరెంటుతో నడిచేది గనుక కరెంటు పోతే గదిలో సిద్ధంగా సిలిండరు ఉండి తీరాలి. అది నిండుగా ఉందో లేదో వారానికొకసారి మీటరు చూడాలి. యంత్రాన్ని గోడకు, కర్టెనుకు ఆనించి పెట్టకూడదు; దానికీ గాలి ఆడాలి.

ముక్కుకు పెట్టే గొట్టానికి పొడుగు గొట్టం తగిలిస్తే యంత్రం ఉన్నచోటే ఉన్నా మనిషి గదిలో తిరగవచ్చు. సాధారణంగా 50 అడుగులు మించకుండా చూసుకోవాలి. పొడుగు పెరిగిన కొద్దీ అందే ఆక్సిజన్ తగ్గవచ్చు, కాలికి తగులుకునే ప్రమాదమూ పెరుగుతుంది. గొట్టానికి అక్కడక్కడ రంగు టేపు చుట్టితే నేలమీద స్పష్టంగా కనిపిస్తుంది. చీర కట్టుకునే అవ్వలకు గొట్టాన్ని వీపువైపునుంచి తీసి, నడిచేటప్పుడు వెనకనుంచి ఒకరు పట్టుకుంటే కుచ్చెళ్ళలో చిక్కుకోదు. ఎత్తు గడపలు, జారే చాపలు తీసివేయాలి.

బయటికి పోవడానికి చిన్న సిలిండరో, బ్యాటరీతో నడిచే చిన్న కాన్సెంట్రేటరో కావాలి. చిన్న కాన్సెంట్రేటర్లలో చాలావరకు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే ఆక్సిజన్ వదులుతాయి. అది అందరికీ సరిపడదు. నడిపించి, పరీక్షించి చూసుకునే కొనాలి.

సిలిండరు ఎంతసేపు వస్తుందో లెక్క చాలా సులభం. అందులో ఉన్న లీటర్లను నిమిషానికి వాడే లీటర్లతో భాగించండి. 300 లీటర్లున్న చిన్న సిలిండరు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే 150 నిమిషాలు. మీరు వెళ్ళే పని గంటన్నర అనుకుంటే, దారిలో ఆలస్యానికి మరో గంట కలుపుకుని బయలుదేరాలి.

డాక్టరుగారి దగ్గర మూడు అంకెలు రాయించుకోండి: కూర్చున్నప్పుడు నిమిషానికి ఎన్ని లీటర్లు, నడిచేటప్పుడు ఎన్ని, నిద్రలో ఎన్ని. ఈ మూడూ ఒకటే కానక్కరలేదు. నడకలో ఎంత కావాలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేసి నిర్ణయిస్తారు. ఆ కాగితం మంచం పక్క గోడకు అంటించి ఉంచండి. ఆయాసం వచ్చిందని మీ అంతట మీరు మీట తిప్పి పెంచవద్దు. కొందరు రోగుల్లో ఆక్సిజన్ మరీ ఎక్కువైతే ఒంట్లో బొగ్గుపులుసు గాలి పేరుకుని తలనొప్పి, మగత, చివరకు స్పృహ తప్పడం కూడా జరుగుతుంది. అందుకే ఇలాంటివారిలో చాలామందికి 88 నుంచి 92 శాతం మధ్య ఉంచితే చాలునంటారు.

నడిపించే పద్ధతి

మొదటిరోజు మంచం అంచున కాళ్ళు వేలాడేసి అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. తల తిరగకపోతే లేచి నిలబడడం. మర్నాడు కుర్చీదాకా. తరవాత గుమ్మందాకా. ఆపైన వరండా చివరిదాకా. రోజుకొకసారి ఎక్కువసేపు నడిపించడంకన్నా రోజుకు మూడుసార్లు కొద్దికొద్దిగా నడిపించడం మంచిది. మా ఎండల సంగతి తెలిసిందే గనుక వేసవిలో ఉదయం ఎండ పడకముందు, సాయంత్రం చల్లబడ్డాక మాత్రమే.

వాకరు ఉంటే ఎంతో మేలు. దానిమీద చేతులానించి కాస్త ముందుకు వంగితే ఊపిరి తీసుకోవడం తేలికవుతుంది. వరండాలో ప్రతి పది అడుగులకొక కుర్చీ వేసి ఉంచండి. కూర్చునే చోటు కనిపిస్తుంటే నడవడానికి ధైర్యం వస్తుంది.

ఊపిరి విషయంలో ఒక చిన్న కిటుకు నేర్పండి. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, వేడి కాఫీ చల్లార్చుకున్నట్లు అంతకు రెట్టింపు సేపు మెల్లగా వదలాలి. పొయ్యి ఊదినట్లు గట్టిగా ఊదకూడదు. లేవడం, మెట్టెక్కడం, వంగడం వంటి కష్టమైన పని ఊపిరి వదిలేటప్పుడు చెయ్యాలి.

ఎంత నడక చాలు? నడుస్తూ రెండు మూడు మాటలు చెప్పగలిగితే సరిపోయినట్లు. ఒక్క మాట కూడా చెప్పలేకపోతే ఆపి కూర్చోబెట్టాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 88కన్నా కిందికి చూపినా ఆపాలి. గోళ్ళరంగు, గోరింటాకు ఉన్న వేలు, చల్లబడ్డ వేలు తప్పు చూపవచ్చు; మరో వేలుకు పెట్టి చూడండి.

స్నానం, భోజనం చేసేటప్పుడు గొట్టం తీసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. నిజానికి ఎక్కువ శ్రమ అయ్యేది అప్పుడే! గొట్టం ముక్కునే ఉంచి, స్టూలుమీద కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. ముక్కు గొట్టంతో నిక్షేపంగా అన్నం తినవచ్చు, మాట్లాడవచ్చు. ఒక్కసారే కడుపునిండా కాక, కొంచెం కొంచెంగా నాలుగయిదుసార్లు పెట్టండి.

నలుగురిలోకి

కాళ్ళకన్నా ముందు కదలాల్సింది మనసు. చాలామంది పెద్దవాళ్ళు ముక్కున గొట్టంతో నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతారు. "ఈ అవతారం ఎవరికి చూపించను?" అంటారు. గదిలోకే అన్నం పళ్ళెం పంపించడం ఈ సిగ్గును ఇంకా గట్టిపరుస్తుంది. వృద్ధాశ్రమంలో అందరూ తినేచోట ఆక్సిజన్ వాడేవారికి ప్లగ్గు పక్కన స్థలం కేటాయించి, అక్కడ మరొక యంత్రమో సిలిండరో ఉంచితే సమస్య తీరుతుంది. రోజుకొకపూట అయినా పంక్తిలో కూర్చోవాలి.

మాట్లాడితే ఆయాసం వచ్చేవారికి ఊరికే వింటూ కూర్చునే అవకాశం ఇవ్వండి. పేపరు చదివి వినిపించడం, పులిజూదం, అష్టాచెమ్మా, పూలదండలు గుచ్చడం, చిక్కుడుకాయలు ఒలవడం అన్నీ కూర్చుని చేసేవే. "అవ్వా, ఈ పూలు కాస్త కట్టిపెట్టు" అని పని అడగండి. తనవల్ల ఒక పని జరిగిందనే తృప్తి ఏ మందుకూ తీసిపోదు.

పాట ఇంకా మంచిది. బ్రిటన్‌లో ఊపిరితిత్తుల రోగుల కోసం ప్రత్యేకంగా పాటల బృందాలు నడుపుతున్నారు. పాడడమంటే ఊపిరిని పొదుపుగా, నెమ్మదిగా వదలడమే గదా! తిరుపతిలో దీనికి కొత్తగా ఏ బృందమూ పెట్టనక్కరలేదు. భజన లేని వీధి ఉండదు. చరణం అందరూ పాడి, పల్లవి మాత్రం తాత అందుకున్నా చాలు.

అయితే దీపం దగ్గర జాగ్రత్త

ఆక్సిజన్ తాను మండదు కాని, మండే వస్తువును భగ్గున మండిస్తుంది. అది బట్టల్లో, జుట్టులో చేరి గొట్టం తీశాక కూడా కాసేపు ఉంటుంది. కాబట్టి దీపానికి, గ్యాసుపొయ్యికి, అగరుబత్తికి ఆక్సిజన్ వాడేవారు కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. పూజ జరుగుతుంటే దూరంగా కుర్చీ వేసి చూడనివ్వండి. హారతి పళ్ళెం మాత్రం వాళ్ళ ముఖం దగ్గరికి తీసుకుపోకూడదు. ఇంకొకరు హారతి కళ్ళకద్దుకుని వచ్చి, ఆ చేతులతో వాళ్ళ కళ్ళకు అద్దవచ్చు. బీడీ, సిగరెట్టు ఆ గదిలోనే ఉండకూడదు. సాంబ్రాణి పొగ, దోమలచుట్ట పొగ ఊపిరితిత్తులకూ పడవు. ముక్కు ఆరిపోతోందని కొబ్బరినూనె, వాజలీన్ పూయవద్దు. నీటితో చేసిన లేపనాలు డాక్టరు రాసిస్తారు.

కొండమీదికి తీసుకుపోవచ్చా?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న రాకమానదు. మెట్లదారిన మాత్రం వద్దు. 60 ఏళ్ళు దాటినవారు, ఉబ్బసం, గుండెజబ్బు వంటివి ఉన్నవారు నడిచి రావద్దని 2024 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానమే సూచించింది. ఘాట్ రోడ్డున వాహనంలో పోవాలన్నా ముందుగా డాక్టరును అడగాలి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పీడనం తగ్గడం వల్ల తిరుపతిలోకన్నా సుమారు 8 శాతం తక్కువ ప్రాణవాయువు అందుతుంది. మనకు తెలియదుగాని, అంచున ఉన్న ఊపిరితిత్తులకు తెలుస్తుంది.

అనుమతి లేకపోతే నిరుత్సాహపడనక్కరలేదు. అలిపిరిదాకా పోయి రావచ్చు. సాయంత్రంపూట కారులోనో ఆటోలోనో తీసుకుపోయి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కొండకు దండం పెట్టించి తీసుకురావడం చాలామందికి సాధ్యమే. వాహనంలో సిలిండరు దొర్లకుండా కట్టాలి, కిటికీ కొంచెం తీసి ఉంచాలి, ఎండలో ఆపిన కారులో సిలిండరు వదలకూడదు. ఒక గంట బయటి గాలి, నలుగురి ముఖాలు, దారిలో కనబడే పాత వీధులు వాళ్ళకు వారం రోజుల ముచ్చట.

ఎప్పుడు ఆపాలి?

పెదవులు, గోళ్ళు నీలంగా మారడం, ఛాతీలో నొప్పి, మాట తడబడడం, ఎన్నడూ లేని మగత, పొద్దున్నే తలనొప్పి, కాళ్ళ వాపు, కఫం రంగు మారడం, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే నడక ఆపి డాక్టరుకు చూపించాలి. మొదటి మూడింటిలో ఏది కనిపించినా, మగత ఎక్కువైనా, ఆయాసం తగ్గకపోయినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యాలి.

పిల్లలు అడగవలసినవి

అమ్మనో నాన్ననో వృద్ధాశ్రమంలో చేర్చేవారు గది ఎంత శుభ్రంగా ఉందో చూస్తారు, అన్నం ఎలా ఉందో చూస్తారు. ఆక్సిజన్ వాడేవారి విషయంలో ఇవి కూడా అడగండి: కరెంటు పోతే ఏం చేస్తారు? సిలిండరు మార్చడం రాత్రిపూట ఎవరికి వచ్చు? రోజూ నడిపించేవారు ఎవరు? భోజనం గదిలోనా, అందరితోనా? గొట్టం, నీళ్ళసీసా ఎన్నాళ్ళకు మారుస్తారు, ఎవరు కడుగుతారు? ఏటేటా ఫ్లూ టీకా వేయిస్తారా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన చోట చేర్చండి. వృద్ధుల సమస్యలకు ప్రభుత్వం 2021లో దేశమంతటికీ వర్తింపజేసిన సహాయ నంబరు 14567. ఉచితంగా ఫోను చెయ్యవచ్చు.

ఇక ఈ ఆదివారం చూడటానికి వెళ్ళినప్పుడు పళ్ళసంచి మంచం పక్కన పెట్టి, పది నిమిషాలు నిలబడి వచ్చేయకండి. గోడమీది కాగితంలో నడకకు ఎన్ని లీటర్లో చూసి, అంత పెట్టి, చెయ్యి పట్టుకుని "రా అమ్మా, గుమ్మందాకా పోయొద్దాం" అనండి. ఒక చేతిలో అమ్మ చెయ్యి, ఇంకో చేతిలో గొట్టం. ముంగిట్లో ఒక కుర్చీ ముందే వేసి ఉంచండి.